రెప్పపాటు లెక్క

మనకి కళ్ళు మండితే వెంటనే చెప్పేస్తాం. ల్యాబ్‌లో మూడు గంటలు కోడ్ రాసి బయటికి రాగానే "కళ్ళు పీకేస్తున్నాయి రా బాబూ" అనడం హాస్టల్లో రోజూ వినే మాటే. ఐదారేళ్ల పిల్లాడు ఆ మాట అనడు. కళ్ళు టపటపా ఆర్పుతాడు, నులుముకుంటాడు, ఒక్కోసారి ముఖమంతా ముడిచి గట్టిగా మూసి తెరుస్తాడు. చూసినవాళ్ళలో ఒకరు దాన్ని పాడు అలవాటు అంటారు, ఒకరు వెక్కిరింపు అంటారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే దిష్టి తీస్తారు. కళ్ళు పొడిబారి ఉండొచ్చు అన్న ఆలోచన మాత్రం చాలా ఇళ్లలో చివరికి గానీ రాదు.

పొడిబారిన కళ్ళు అంటే ముసలివాళ్ళ సమస్య అని చాలాకాలం అనుకునేవారు. ఇప్పుడు పిల్లల చేతిలోకి ఫోన్ వచ్చాక లెక్క మారింది. "లెక్క" అన్న మాట ఊరికే వాడలేదు. ఇందులో నిజంగానే ఒక చిన్న లెక్క ఉంది. అది అర్థమైతే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే డాక్టరీ చదవకపోయినా ఈ వ్యాసం రాయడానికి ధైర్యం చేస్తున్నాను.

మూడు మైక్రాన్ల పొర

కంటి ముందుభాగం మీద ఎప్పుడూ ఒక కన్నీటి పొర ఉంటుంది. మందం సుమారు 3 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకంటే ఇరవై రెట్లు లావు. అంత పల్చని పొరలోనే మూడు రకాల పదార్థాలు ఉంటాయి. అడుగున జిగురు లాంటి మ్యూసిన్, కంటికి నీటిని అంటిపెట్టేది అదే. దాని మీద నీరు, ఉప్పులు, క్రిముల్ని చంపే ప్రొటీన్లు. అన్నిటికంటే పైన సన్నని నూనె పొర, ఆ నీరు ఆవిరైపోకుండా మూతలా ఉంటుంది.

నీరు కంటికి పైన, బయటి వైపున్న కన్నీటి గ్రంథి నుంచి వస్తుంది. నూనె వచ్చేది కనురెప్పల అంచుల్లోంచి. రెప్ప వెంట్రుకల వెనక వరసగా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. పై రెప్పలో 30 దాకా, కింది రెప్పలో అంతకంటే కొంచెం తక్కువ. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరు మీద మైబోమియన్ గ్రంథులు అంటారు.

ఈ పొర వల్ల కంటికి మూడు లాభాలు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి అది గాలిలోని ఆక్సిజన్‌ని ఈ పొర ద్వారానే తీసుకుంటుంది. దుమ్ము పడితే కడుక్కునేదీ ఈ పొరతోనే. ఇక మూడోది మన ఆప్టిక్స్ పాఠమే: కంట్లోకి వచ్చే వెలుతురు అన్నిటికంటే ఎక్కువగా వంగేది గాలికీ కన్నీటికీ మధ్య ఉన్న ఆ ఉపరితలం దగ్గరే. పొర ఎగుడుదిగుడు అయితే అక్షరాలు మసకబారతాయి. ఒకసారి రెప్ప వేస్తే మళ్ళీ తేటపడతాయి. ఈ అనుభవం మనందరికీ ఉంది.

రెప్ప వేయడం అంటే కారు అద్దం మీద వైపర్ తిరగడం లాంటిది అనుకుంటాం. అంతకంటే ఎక్కువే. రెండు రెప్పలూ పూర్తిగా తాకినప్పుడు ఆ ఒత్తిడికి గ్రంథుల్లోంచి కొద్దిగా నూనె బయటికి వస్తుంది. తెరుచుకునేటప్పుడు ఆ నూనె కన్ను మీద పరుచుకుంటుంది. పాత కన్నీరు ముక్కు వైపున్న సన్నని గొట్టంలోకి వెళ్ళిపోతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. అంటే పంపు, బ్రష్షు, డ్రైనేజీ అన్నీ ఆ ఒక్క రెప్పపాటులోనే.

అసలు లెక్క

రెప్ప వేశాక ఆ పొర ఎంతసేపు చెదరకుండా ఉంటుంది? దీన్ని కొలవొచ్చు. కంట్లో పసుప్పచ్చ రంగు తాకించి, నీలి వెలుతురులో చూస్తూ, రెప్ప వేయకుండా ఉండమని, పొర మీద మొదటి నల్ల మచ్చ ఎన్ని సెకన్లకి కనిపించిందో డాక్టర్లు లెక్కపెడతారు. మామూలుగా 10 సెకన్లు దాటితే ఫర్వాలేదంటారు. 5 సెకన్ల లోపే తెగిపోతే పొర బలహీనంగా ఉన్నట్టు.

ఇక రెండో సంఖ్య, ఒక రెప్పకీ ఇంకో రెప్పకీ మధ్య ఎంత సమయం అన్నది. 1993లో జపాన్ పరిశోధకులు ఆఫీసు ఉద్యోగుల మీద దీన్ని కొలిచారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేశారు. పుస్తకం చదువుతున్నప్పుడు 10 సార్లు. కంప్యూటర్ తెర చూస్తున్నప్పుడు 7 సార్లు.

ఇప్పుడు భాగహారం చేద్దాం. నిమిషానికి 22 సార్లు అంటే రెండు రెప్పల మధ్య 2.7 సెకన్లు. 7 సార్లు అంటే 8.6 సెకన్లు. పొర 10 సెకన్లు నిలిచే కంటికి రెండూ ఫర్వాలేదు, రెండోది కాస్త అంచు మీద ఉంటుంది, అంతే. కానీ పొర 5 సెకన్లే నిలిచే కన్ను తీసుకోండి. ఊరికే ఉన్నప్పుడు దానికే ఇబ్బందీ లేదు, తెగేలోపే రెప్ప పడుతోంది. తెర ముందు కూర్చుంటే ప్రతి రెప్పకీ ముందు 3.6 సెకన్లు ఎక్కడో ఒక చోట కార్నియా ఆచ్ఛాదన లేకుండా ఉంటుంది. నిమిషానికి 7 సార్లు, అంటే దాదాపు 25 సెకన్లు. గంటకి ఎంతో మీరే గుణించుకోండి.

కంటి వైద్యులు ఈ రెండు సంఖ్యల నిష్పత్తినే ఓక్యులర్ ప్రొటెక్షన్ ఇండెక్స్ అంటారు. పొర నిలిచే సమయాన్ని రెప్పల మధ్య సమయంతో భాగించాలి. ఒకటి కంటే ఎక్కువ వస్తే కన్ను భద్రం, తక్కువ వస్తే బహిరంగం. పైన చెప్పిన సంఖ్యలు పెద్దవాళ్లవి. పిల్లలు మామూలుగానే పెద్దవాళ్లకంటే తక్కువసార్లు రెప్ప వేస్తారు, వయసుతో అది పెరుగుతుంది. సంఖ్యలు మారినా సూత్రం అదే. వీధిలో బంతి ఆడుతున్నప్పుడు బాగున్న అదే కన్ను, అదే కన్నీటితో, ఫోన్ పట్టుకోగానే ఎండిపోగలదు. మారింది రెప్ప ఒక్కటే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తెర చూస్తున్నప్పుడు వేసే రెప్పల్లో కూడా కొన్ని సగం రెప్పలే. పై రెప్ప సగం దాకా దిగి వెనక్కి వెళ్ళిపోతుంది. రెండు అంచులూ తాకవు కాబట్టి నూనె రాదు. కన్ను కింది భాగం తడవదు. అంటే వేసిన కొద్ది రెప్పల్లో కూడా కొన్ని లెక్కలోకి రావు.

పిల్లలు ఎందుకు చెప్పరు?

మా అక్క కొడుకు రెండో తరగతి. ఎండాకాలం సెలవుల్లో అన్నం తినేటప్పుడు, పడుకోబోయే ముందు తెగ కళ్ళు ఆర్పేవాడు. "అలా చెయ్యకు, అలవాటైపోతుంది" అని ఇంట్లో చెప్పారు. స్కూల్లో అంతకుముందే పక్క పిల్లల్ని చూసి కన్ను కొడుతున్నాడని టీచర్ నిలబెట్టారట. వాడు బుద్ధిమంతుడు. తిట్టినప్పుడల్లా ఆర్పకుండా కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చునేవాడు. కాసేపటికి నీళ్లు కారేవి.

కంటి డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆవిడ మమ్మల్ని ఏమీ అడగలేదు, వాణ్ణే అడిగారు.

"ఫోన్ చూశాక కంట్లో ఏమైనా ఉన్నట్టు ఉంటుందా నాన్నా?"

"ఇసక ఉంటుంది ఆంటీ" అన్నాడు.

"మరి అమ్మకి చెప్పలేదే?"

"అందరికీ ఉండదా?"

ఆ ప్రశ్నకి గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. వాడికి బాధ లేక కాదు చెప్పకపోవడం. బాధ లేని కన్ను ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి వాడి దగ్గర ఇంకో కన్ను లేదు. పిల్లల్లో ఈ సమస్య దాక్కునేది ఇక్కడే.

ఇంకోటి కూడా గమనించండి. వాడు ఆర్పింది ఫోన్ చూసేటప్పుడు కాదు, పక్కన పెట్టాక. ఆటలో మునిగి ఉన్నంతసేపూ రెప్ప పడదు. బయటికి వచ్చాక ఎండిన కన్ను బాకీ తీర్చుకుంటుంది. అందుకే ఇంట్లోవాళ్లకి ఫోన్‌కీ ఈ ఆర్పడానికీ ముడి కనిపించదు. పైగా "ఆర్పకు" అని తిట్టడం అంటే, ఒంట్లో దానంతట అది జరుగుతున్న వైద్యాన్ని ఆపమనడమే.

కళ్ళు ఆర్పే ప్రతి పిల్లవాడికీ ఇదే కారణం అని అనుకోకండి. అలర్జీ ఉండొచ్చు, అప్పుడు దురద ముందుంటుంది. సైట్ ఉండి కళ్ళజోడు లేకపోయినా ఆర్పుతారు. టిక్ అనే నరాల సంబంధమైన అలవాటు కూడా ఉంది. ఏది ఏమిటో తేల్చేది డాక్టరే. మన పని తిట్టకుండా తీసుకెళ్ళడం.

నీళ్లు కారుతుంటే పొడి ఏంటి?

ఇది ఎవరికైనా వచ్చే అనుమానమే. కార్నియా మీద నరాలు చాలా దట్టంగా ఉంటాయి. ఎక్కడైనా ఎండితే అవి ప్రమాద ఘంటిక కొడతాయి. కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. కానీ ఆ వరదలో నూనె పాలు, జిగురు పాలు సరిపోవు. వచ్చిన నీరు కంటికి అంటుకోకుండా చెంప మీదికి జారిపోతుంది. బీడు భూమి మీద ఒక్కసారి కుండపోత పడితే నీళ్లన్నీ వాగులో కలిసిపోయి నేల మళ్ళీ ఎండినట్టే. కాబట్టి పిల్లవాడి కళ్ళ వెంట నీళ్లు కారడం పొడికి వ్యతిరేక సాక్ష్యం కాదు, చాలాసార్లు అది కూడా పొడికే సాక్ష్యం.

ఫోనే ఎందుకు?

దక్షిణ కొరియాలో 916 మంది బడి పిల్లల్ని పరీక్షించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. 6.6 శాతం మందికి పొడిబారిన కళ్ళు ఉన్నట్టు తేలింది. పట్నం పిల్లల్లో 8.3 శాతం, పల్లె పిల్లల్లో 2.8 శాతం. స్మార్ట్‌ఫోన్ చూసే సమయం పెరిగేకొద్దీ సమస్య పెరిగింది. టీవీకీ కంప్యూటర్‌కీ విడిగా అంత సంబంధం కనిపించలేదు. బయట ఆడుకునే పిల్లల్లో తక్కువగా ఉంది. అన్నిటికంటే మంచి వార్త చివర్లో ఉంది: సమస్య ఉన్న పిల్లల చేత నాలుగు వారాలు ఫోన్ మాన్పిస్తే కన్నీటి పొర నిలిచే సమయం పెరిగింది, కార్నియా మీద గీతలు, చుక్కలు తగ్గాయి. పిల్లల కన్ను అంత త్వరగా కోలుకోగలదు.

ఫోన్‌కీ టీవీకీ తేడా ఎందుకంటే, టీవీ దూరంగా ఉంటుంది. మధ్యలో ఎవరో అడ్డం వస్తారు, తల తిప్పుతారు, రెప్ప పడుతుంది. ఫోన్ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. చిన్న తెర మీద చూపు కదలదు. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది, రెప్ప వేయడానికి సందు దొరకదు.

మన ఇళ్లలో దీనికి తోడయ్యే సంగతి ఒకటుంది. పిల్లవాడు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ ముఖం మీదికి పట్టుకుని, సరిగ్గా సీలింగ్ ఫ్యాను కింద చూస్తుంటాడు. పైకి చూస్తే కన్ను ఎక్కువ తెరుచుకుంటుంది, ఆవిరయ్యే వైశాల్యం పెరుగుతుంది. దాని మీద గాలి. మే నెలలో కూలరో ఏసీయో నేరుగా ముఖం మీదికి తిప్పి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. బట్టలు ఎలా ఆరబెడతామో గుర్తు చేసుకోండి: పరిచి, గాలి తగిలేలా. కన్నునీ అలాగే ఆరబెడుతున్నాం.

ఇంకో పొడి కూడా ఉంది

మన దగ్గర పిల్లల కళ్ళు పొడిబారడానికి పాత కారణం ఒకటుంది, దాన్ని మర్చిపోతే ప్రమాదం. విటమిన్ ఏ లోపం. మొదట రేచీకటి వస్తుంది, తర్వాత తెల్లగుడ్డు మీద నురగ లాంటి తెల్లని మచ్చలు వస్తాయి, వాటిని బైటాట్ మచ్చలు అంటారు. అప్పటికీ పట్టించుకోకపోతే కార్నియా కరిగి చూపే పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగానే 1970లో దేశమంతటా పిల్లలకి విటమిన్ ఏ ద్రావణం ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు 9వ నెలలో మొదలుపెట్టి ఐదేళ్లు నిండేలోపు 9 డోసులు ఇస్తారు.

ఆ రోగం ఇప్పుడు బాగా తగ్గింది. అయినా కూరలు ముట్టకుండా బిస్కెట్లు, చిప్స్ మీద బతికే పిల్లలు పట్నాల్లో కూడా ఉన్నారు. కాబట్టి చీకట్లో తడుముకుంటున్నా, తెల్లగుడ్డు మీద మచ్చ కనిపించినా అది ఫోన్ మీదికి నెట్టేయకండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు తినిపించడం రెండు రకాల పిల్లలకీ మంచిదే, కానీ రెప్ప వేయకపోవడం వల్ల వచ్చిన పొడికి క్యారెట్ జ్యూస్ మందు కాదు.

ఏం చెయ్యాలి?

మొదట సమయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇది: రెండేళ్లు రాని పిల్లలకి కూర్చోబెట్టి తెర చూపించడం వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించొద్దు. ఆన్‌లైన్ తరగతుల కాలంలో, 2020 జులైలో మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకి రెండు సెషన్లే, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు అని ఉంది. చదువుకే అంత పరిమితి పెట్టారంటే కార్టూన్లకి ఎంత పెట్టాలో ఊహించుకోవచ్చు.

తర్వాత పద్ధతి. పడుకుని చూడటం మాన్పించి కూర్చోబెట్టండి. తెర కంటి మట్టానికి కాస్త కిందుగా, మోచెయ్యి నుంచి పిడికిలి అంత దూరంలోనైనా ఉండాలి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా పక్కకి జరపండి. కుదిరితే ఫోన్ బదులు అదే వీడియో దూరంగా టీవీలో పెట్టండి.

20-20-20 సూత్రం మీరు వినే ఉంటారు: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. దూరం చూడటం వల్ల కంటి కండరాలకి విశ్రాంతి. పొడికి మాత్రం ఆ 20 సెకన్లలో రెప్పలు వేయడమే ముఖ్యం. పిల్లలకి సూత్రాలు చెప్తే వినరు, ఆట చెప్తే వింటారు. వీడియో అయిపోయిన ప్రతిసారీ "నిద్రపోయే బొమ్మ" ఆట: మెల్లగా కళ్ళు మూసి, ఒకటి రెండు లెక్కపెట్టి, మెల్లగా తెరవాలి. ఐదు సార్లు. నూనె బయటికి రావాలంటే ఇలా పూర్తిగా మూయాలి.

ఇక చెయ్యకూడనివి. బ్లూ కట్ కళ్ళజోడు కొనిచ్చి పని అయిపోయిందనుకోకండి. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో, పెద్దవాళ్ళ మీద చేసిన 17 ప్రయోగాలు పరిశీలించి, మామూలు అద్దాలతో పోలిస్తే అవి తెర వల్ల వచ్చే కంటి అలసటని తగ్గించకపోవచ్చని తేల్చారు. పైన చేసిన లెక్కలో నీలి కాంతి ఎక్కడా రాలేదు, చూడండి.

రోజ్ వాటర్, ఆముదం, ఆకు పసర్లు, చనుబాలు కంట్లో వేయొద్దు. క్రిములు చేరి కార్నియాకి పుండు పడితే మచ్చ మిగిలిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం మెడికల్ షాపులో "కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చుక్కలు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవడం. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, అందుకే మళ్ళీ అదే సీసా కొంటారు. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. కంటిని తడిపే చుక్కల్లో కూడా చాలా రకాలున్నాయి, రోజుకి ఎక్కువసార్లు వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి కావాలి. ఏది, ఎన్నిసార్లు అన్నది డాక్టరే చెప్పాలి.

వెలుతురు చూడలేకపోతున్నా, నొప్పి ఉన్నా, ఒక కన్నే ఎర్రబడినా, చూపు తగ్గినా, పుసులు కడుతున్నా ఆలస్యం చెయ్యకుండా అదే రోజు చూపించండి.

చివరిగా మన వంతు. పండక్కి ఇంటికి వెళ్తే చుట్టాల పిల్లలందరూ మొదట వెతికేది మన ఫోన్‌నే. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే గోల చెయ్యకుండా ఉండటానికి మనమే లాక్ తీసి ఇస్తాం. ఇవ్వొద్దని నేను చెప్తే మీరు వినరు, పిల్లలు అసలే వినరు. ఇచ్చేముందు ఆటోప్లే ఆపండి, ఆటకి ఆటకి మధ్య సందు వస్తుంది. ఫ్యాను కింద నుంచి లేపి కూర్చోబెట్టండి. ఇరవై నిమిషాలకి వాళ్ళని డాబా మీదికో వీధిలోకో తీసుకెళ్ళండి. ఎవరైనా పిల్లవాడు తెగ కళ్ళు ఆర్పుతుంటే, తిట్టబోయే పెద్దవాళ్ళని ఆపి, పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: "కంట్లో ఇసక ఉన్నట్టుందా?"

అడిగితేనే చెప్తారు.